నాలుగుంపావుకి తెరుచుకునే ట్యాబు

లింకు నొక్కితే ఉన్న పేజీలోనే తెరుచుకోవాలా, పక్కన కొత్త ట్యాబులో తెరుచుకోవాలా? ఇదీ ఒక తగువేనా, పనీపాటా లేనివాళ్ళ గొడవ కాకపోతే, అంటారా? అనండి. ఆ ఆఫీసు మెట్లెక్కిన ప్రతివాళ్ళూ ముందు అదే అన్నారు. అరగంట కూర్చునేసరికి వాళ్ళూ ఏదో ఒక పక్షం చేరి గొంతు చించుకునేవారు.

ఆఫీసంటే పెద్ద మేడలేవీ ఊహించుకోకండి. కింద అచ్చుపని జరిగే ప్రెస్సు, దాని మీద రెండు గదులు. యంత్రం తిరిగినంతసేపూ పైన బల్లల మీది గ్లాసులు సన్నగా మోగుతూ ఉంటాయి. ఆ గదుల్లో ముగ్గురు కూర్చుని తప్పిపోయిన మనుషుల కోసం ఒక వెబ్‌సైటు నడుపుతారు. మనిషికో పేజీ, పేజీకో నంబరు. ఫొటో, వయసు, ఒంటి మీది గుర్తులు, వెళ్ళిన రోజు వేసుకున్న బట్టలు. అడుగున 'నేను చూశాను' అని ఒక లింకు. అది నొక్కితే ఫారం వస్తుంది. మొదటి గడిలో ఏం చూశారో రాయాలి. రెండో గడిలో ఆ మనిషి పేజీ నంబరు వెయ్యాలి. నంబరు సరిపోతేనే ఎక్కడ, ఎప్పుడు అనే మిగతా గళ్ళు తెరుచుకుంటాయి.

సైటు పెట్టినాయన్ని పెద్దాయన అంటారు. ఒకప్పుడు పత్రికలో ప్రకటనల పేజీ పని చూసుకున్నవాడు. పేపర్లో తప్పిపోయినవాడి ఫొటో చూసినవాడు ఒక్క నిట్టూర్పు విడిచి పేజీ తిప్పేస్తాడని, తిప్పినవాడు మళ్ళీ వెనక్కి రాడని ఆయన బాధ. అందుకే తన సైటులో ఆ ముఖం తెర మీంచి పోకూడదన్నాడు. ఏ లింకు నొక్కినా కొత్త ట్యాబులోనే తెరుచుకోవాలి, వెనక ఆ ముఖం అలాగే ఉండాలి. ఆయనవి ఇంకో రెండు పట్టింపులున్నాయి. చూసేవాళ్ళు ఏ ఊరి నుంచి చూస్తున్నారో రాసుకోకూడదు, భయపడి చెప్పకుండా పోతారు. రాసి పంపకుండా వదిలేసిన ఫారాలు కంప్యూటరులో ఒక మూల పడి ఉంటాయి, వాటిని చదవకూడదు. పంపని మాట చదవడం పరాయివాళ్ళ ఉత్తరం చింపడమేనట.

రెండో మనిషి ఫోనమ్మ. అసలు పేరు ఎవరికి కావాలి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోనెత్తేది ఆవిడే, తిట్లు తినేదీ ఆవిడే. కొత్త ట్యాబన్న మాట వింటే ఆవిడకు ఒళ్ళు మండుతుంది. చిన్న ఫోనులో చూసేవాళ్ళకు ట్యాబులు కనబడి చస్తాయా? ఫారం నంబరడుగుతుంది, నంబరేమో వెనకబడిపోయిన పేజీలో ఉంటుంది. వెనక్కి వెళ్ళే బాణం నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు, కొత్త ట్యాబుకి వెనకేముంటుంది గనక! 'నేను చూశాను' అని వందమంది నొక్కితే ఫారం పంపేది ఏడుగురేనని ఆవిడ లెక్క తీసి మరీ గోడకు అంటించింది. పెద్దాయన ఆ కాగితాన్ని రోజూ చూసి రోజూ ముఖం తిప్పుకునేవాడు.

మూడో మనిషి అక్క. పేజీలు తయారుచేసేది ఈవిడే. పెద్దాయనతో సహా అందరూ అక్కా అనే అంటారు. మాటల్లో నెమ్మది, పనిలో చురుకు. ఈ తగువు వచ్చినప్పుడల్లా చాలాసేపు నోరు మెదపదు, తీరా ఫోనమ్మ గెలవబోతోందనగా పెద్దాయన పక్షాన ఒక్క మాట వేసి మంట ఆర్పేస్తుంది. ఫోనమ్మకు అది గొంతులో ముల్లు. అంత తెలివైన పిల్ల ఇంత తెలివితక్కువ మాటెందుకంటుందో ఆవిడకు అర్థమయ్యేది కాదు.

ఎందుకంటే, అక్క తమ్ముడు కూడా ఆ సైటులో ఉన్నాడు.

ఇరవై రెండేళ్ళవాడు. ఒకరోజు పొద్దున, వంటింట్లో బల్బు పోయింది, కొనుక్కొస్తానని చెప్పులేసుకుని వెళ్ళాడు. అంతే. గొడవ లేదు, ఉత్తరం లేదు. వెతకని చోటు లేదు. పదకొండో రోజున అక్క వాడి ఫొటో పట్టుకుని ఈ మెట్లెక్కింది. అప్పట్లో ఇక్కడ పేజీలు చేసే మనిషి మానేసి ఉన్నాడు. ఆవిడే కూర్చుని తమ్ముడి పేజీ తయారుచేసుకుంది. ఎడమ కనుబొమ్మ మధ్య గాటు, నీలం గళ్ళ చొక్కా, చదువుతూ గోళ్ళు కొరికే అలవాటు. తర్వాత ఇంకొకరి పేజీ చేసి పెట్టమన్నారు, ఇంకొకరిది, అలా ఉండిపోయింది. ఆరేళ్ళయింది. ఇంట్లో అమ్మ, ఆవిడ, అంతే.

తెరిచి ఉన్న ప్రతి పేజీ నిమిషానికోసారి ఉన్నానని ఆఫీసుకు కబురు పంపుతుంది. ఎన్ని పేజీలు చూస్తున్నారో తెలియడానికి పెట్టుకున్న ఏర్పాటు అది. మూస్తే కబురు ఆగిపోతుంది. తమ్ముడి పేజీ పెట్టిన సాయంత్రమే ఎవరో దాన్ని తెరిచారు. ఇప్పటిదాకా మూయలేదు. మనుషులు పేజీని రెండు నిమిషాలు చూస్తారు, మహా అయితే పది. ఈ ఒక్క ట్యాబు ఆరేళ్ళుగా నిమిషం తప్పకుండా ఉన్నానంటూనే ఉంది. తెరిచిన ఇరవై రోజులకు ఇంకోటి మొదలైంది. రోజూ సాయంత్రం నాలుగుంపావుకి ఆ పేజీలోంచి 'నేను చూశాను' ఫారం కొత్త ట్యాబులో తెరుచుకుంటుంది. పదకొండు నిమిషాలుంటుంది. పంపకుండానే మూసుకుపోతుంది. ఎండా లేదు, వానా లేదు, సెలవూ లేదు.

ఇంకెవరు? వాడే! గుమ్మం దాకా వచ్చి తలుపు తట్టడానికి మొహం చెల్లక తిరిగి వెళ్ళే మనిషిలా తమ్ముడే వచ్చి పోతున్నాడని అక్క నమ్మకం. నాలుగుంపావుకి చేతిలో ఎంత పనున్నా వదిలేసి తెర ముందు కూర్చుంటుంది. ఆ పదకొండు నిమిషాలూ పలకరిస్తే పలకదు. ఆ ఫారాల్లో ఏముందో చూడటం ఎంతసేపు? పెద్దాయన పట్టింపు ఒక సాకు, అంతే. చదివితే అది వేరెవరో అని తేలిపోతుందేమోనని భయం. తేలిపోతే ఇక ఏం పట్టుకుని బతకాలి?

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం ఒక కండక్టరు ఆఫీసుకు వచ్చాడు. మతిమరుపుతో ఇల్లు దాటిన ఒక ముసలమ్మను బస్టాపు బల్ల మీద చూశాడట. ఫోనులో పేజీ తెరిచాడు, ఫారం నొక్కాడు, నంబరడిగింది. వెనక్కి పోదామంటే పోదు. మూడుసార్లు కొత్తగా మొదలుపెట్టాడు. ఈలోగా బస్సు కదిలే వేళయింది. నాలుగో రోజున ఆ ముసలమ్మ అక్కడికి కాస్త దూరంలో కాలువ పక్కన శవమై దొరికింది. అతను ఎవర్నీ తిట్టలేదు. నంబరు ఎక్కడుందో నాకు తెలియలేదండీ అని నాలుగుసార్లు చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పెద్దాయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. మార్చేయండమ్మా అన్నాడు. ఫోనమ్మ కూడా ఆ రోజు గెలిచినట్టు లేదు, ఏడ్చింది.

మార్చడం పెద్ద పనేం కాదు. ప్రతి పేజీకీ ఒక మీట ఉంటుంది. 'కొత్త ట్యాబు' అని, పక్కన 'ఔను', 'కాదు'. నిమిషానికోసారి పేజీ ఉన్నానంటుంది కదా, ఇక్కణ్ణుంచి వెళ్ళే జవాబులో ఆ మీట సంగతీ ఉంటుంది. 'కాదు' అంటే ఫారం అదే ట్యాబులో, ఆ పేజీ స్థానంలోనే తెరుచుకుంటుంది, ఏ పేజీ నుంచి వచ్చారో చూసుకుని నంబరు తనే వేసుకుంటుంది. అక్క రెండు రోజులు కూర్చుని నాలుగొందల పద్దెనిమిది పేజీలకు 'కాదు' పెట్టింది. నాలుగొందల పంతొమ్మిదోది తమ్ముడిది. దానికి 'కాదు' పెడితే, రేపు నాలుగుంపావుకి వాడు లింకు నొక్కగానే ఫారం వచ్చి ఆ పేజీని తుడిచేస్తుంది. ఆరేళ్ళ కబురు ఆగిపోతుంది. మళ్ళీ తెరుస్తాడని ఏముంది? 'ఔను' అలాగే వదిలేసింది. తప్పని తెలుసు. తెలిసే చేసింది, ఎవరికీ చెప్పలేదు.

నెల తిరిగేసరికి ఫారాలు వెల్లువెత్తాయి. తొమ్మిదిమంది ఇళ్ళు చేరారు. కింద ప్రెస్సువాళ్ళు కూడా పైకొచ్చి గోడ మీది కొత్త లెక్క చూసి వెళ్ళారు. ఏ పేజీకి ఎన్ని వచ్చాయో పట్టీ వేస్తూ ఫోనమ్మ ఒక పేజీ దగ్గర ఆగింది. సున్నా. ఆ పేజీ తెరిచి లింకు నొక్కి చూసింది. పక్కన కొత్త ట్యాబు తెరుచుకుంది, నంబరు గడి ఖాళీగా ఉంది.

మామూలుగా ఆవిడ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఆ రోజు మాత్రం కుర్చీ లాక్కుని అక్క పక్కన కూర్చుని, గొంతు తగ్గించింది.

"అందరి తమ్ముళ్ళకీ దారి బాగుచేశావు. నీ తమ్ముడికే ముళ్ళకంచె వేశావేం తల్లీ?"

అక్క అప్పుడు చెప్పింది. ఆరేళ్ళ ట్యాబు గురించి, నాలుగుంపావు గురించి, అంతా. ఫోనమ్మ విన్నది. వాడే అయితే ఫారం ఎందుకు తెరుస్తాడు, నన్ను నేను చూశాను అని చెప్పడానికా అని అడిగింది. ఆ మాట అక్కకు ఆరేళ్ళలో ఒక్కసారి కూడా తోచలేదు. ఫోనమ్మ ఇంకో మాటన్నది. పెద్దాయన ఇవాళ ఊళ్ళో లేడు, ఆ మూల పడి ఉన్న ఫారాలు చదువు, పాపం వస్తే నాకు రానీ, అంది.

అప్పటికి మధ్యాహ్నం మూడైంది. అక్క తెరిచింది. తమ్ముడి పేజీ నుంచి తెరిచి, పంపకుండా వదిలేసిన ఫారాలు రెండు వేలకు పైగా ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ నంబరు లేదు. మొదటి గడి మాత్రం ప్రతిదాంట్లోనూ నిండి ఉంది. మొట్టమొదటిది చదివింది.

'ఇరవై రోజుల కింద మా జిరాక్సు షాపుకు వచ్చి, ఈ పేజీ తనే తెరిచి, దీన్ని మూయకండని చెప్పి వెళ్ళిన అబ్బాయి ఇవాళ మళ్ళీ వచ్చాడు. ఫొటోలో ఉన్నది ఇతనే. కనుబొమ్మ మీద గాటు ఉంది. నా గురించి రాయండి అంటున్నాడు. నంబరు అడుగుతోంది. ఈ పేజీలో నంబరు ఎక్కడా లేదు.'

లేదా? పేజీలకు నంబర్లు వేయడం మొదలుపెట్టింది అక్కే, తమ్ముడి పేజీ పెట్టిన రెండు వారాలకు. అన్ని పేజీల్లోనూ వేసింది, తమ్ముడి దాంట్లోనూ వేసింది. కానీ అంతకు ముందే తెరిచి మూయకుండా ఉంచిన పేజీకి ఆ సంగతేం తెలుస్తుంది? అది మొదటిరోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. అదే ట్యాబులో ఫారం తెరుచుకుని ఉంటే, వెనక్కి వెళ్ళగానే పేజీ కొత్తగా వచ్చి నంబరు కనబడేది. పక్కన కొత్త ట్యాబు తెరుచుకుంటున్నంతకాలం వెనక పేజీ కదలదు. ఆరేళ్ళు వాళ్ళు నంబరు లేని పేజీకీ నంబరడిగే ఫారానికీ మధ్య తిరిగారు. తిప్పింది ఈవిడే.

తర్వాతవి ఒక్కొక్కటే చదువుతూ పోయింది. 'మళ్ళీ వచ్చాడు. నంబరు చెప్పు బాబూ అంటే నాకు తెలియదు అన్నాడు.' 'కొత్తగా ఇంకోసారి తెరుద్దామన్నా, ఆఫీసుకు ఫోను చేద్దామన్నా వద్దంటాడు. ఇది మూసేస్తే నేను రాలేను అంటాడు.' 'ఇల్లెక్కడ అంటే తల వంచుకుంటాడు. దారి పేజీలోనే ఉందంటాడు.' రెండో ఏడాది ఒక దాంట్లో, 'వానలో వచ్చాడు. కూర్చున్న కుర్చీ తడవలేదు' అని ఉంది. నాలుగో ఏడాది, 'నంబరు వేసేది మా అక్కే, ఆమెనడగండి అంటున్నాడు. ఆమెను ఎలా అడగాలి?' అక్క దాన్ని మూడుసార్లు చదివింది. నోట్లో కొంగు కుక్కుకుంది. ఫోనమ్మ భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

కిందటి ఏడాది ఒకటి కాస్త పెద్దది. 'నా జుట్టు సగం నెరిసింది. ఇతను మొదటిరోజు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. అదే చొక్కా. ఇంట్లోవాళ్ళు షాపు మార్చేయమంటున్నారు. ఈ పిల్లవాణ్ణి వదిలి ఎలా వెళ్ళను?' ఆ తర్వాత రోజుల తరబడి ఒకటే మాట, 'వచ్చాడు.' నిన్నటిది కూడా అదే, ఇంకేం లేదు.

ఫోనమ్మ అక్క భుజం మీది చెయ్యి తీసేసింది. ఇది చూస్తే మామూలుగా లేదమ్మా, పెద్దాయన వచ్చేదాకా ఆగుదామా అంది. కింద యంత్రం ఆగింది. నాలుగు దాటింది. అక్కకు భయం లేదని కాదు. ఒళ్ళంతా భయమే. కానీ ఆ భయంలో ఒక్క మాట మాత్రం స్పష్టంగా ఉంది. వాడు ఆరేళ్ళుగా నంబరు అడుగుతున్నాడు, తన దగ్గర ఉంది, ఇవ్వలేదు.

తమ్ముడి పేజీ మీట 'కాదు' మీద పెట్టింది.

నాలుగుంపావైంది. ఆరేళ్ళ కబురు ఆగిపోయింది. ఆ కబురు చూపించే వరస తెర మీంచి తుడిచిపెట్టుకుపోయింది, అక్క కుర్చీ పిడులు పట్టుకుంది. మరుక్షణం అదే ట్యాబులో ఫారం తెరుచుకున్నట్టు తెర మీద కనబడింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. పదకొండో నిమిషంలో కూడా మూసుకుపోలేదు. పన్నెండో నిమిషంలో ఫారం నిండి వచ్చింది. తమ్ముడి పేరు మీద వచ్చిన మొట్టమొదటి ఫారం.

'ఇవాళ రాలేదు. ఆరేళ్ళలో రాకపోవడం ఇదే మొదలు. అలవాటుకొద్దీ నేనే నొక్కాను, నంబరు దానంతట అదే పడింది. నిన్న లేచి వెళ్తూ, రేపటి నుంచి రానండీ, ఇంటికి వెళ్తాను అన్నాడు. ఇన్నాళ్ళూ వెళ్ళలేదు కదా, ఎలా వెళ్తావు బాబూ అని అడిగాను. రేపు దారి తెరుస్తారు అన్నాడు. ఇతని తాలూకు వాళ్ళెవరైనా ఇది చదివితే నాకు ఒక్క మాట చెప్పండి. చేరాడో లేదోనని దిగులుగా ఉంది.'

కింద షాపు చిరునామా ఉంది. బస్సులో రెండు గంటల దూరం. అక్క ఆ చిరునామానే చూస్తూ ఉండిపోయింది. నిన్న, రేపు దారి తెరుస్తారన్నాడు. నిన్న ఈవిడ ఇంకా ఏమీ చదవలేదు, ఏమీ అనుకోలేదు. ఫోనమ్మ ఏదో అంటోంది గానీ చెవికెక్కలేదు.

అక్క ఫోను మోగింది. అమ్మ. మామూలుగా ఆఫీసు వేళల్లో చెయ్యదు.

"వాడొచ్చాడే" అంది అమ్మ. గొంతు చాలా చిన్నగా ఉంది, పక్కన ఎవరికో వినబడకూడదన్నట్టుంది. "ఏ చొక్కాతో వెళ్ళాడో ఆ చొక్కాతోనే ఉన్నాడు. చేతిలో బల్బు ఉంది. లోపలికి రారా అంటే నవ్వుతున్నాడు గానీ గడప దాటడం లేదు. కన్నబిడ్డే కదా, నాకెందుకే ఇంత భయమేస్తోంది? తలుపు వేసెయ్యనా?"

ఆరేళ్ళు ఏ కబురు కోసం అక్క బతికిందో అది వచ్చింది. సంతోషించాలి కదా! ఈ మనిషి ఎవరు, ఏమిటి, ఎక్కణ్ణుంచి వచ్చాడు, ఒక్కటీ తెలియదు. తెలిసింది ఒక్కటే. వాడు బయట నిలబడి ఉన్నాడు, లోపల ఉన్నవాళ్ళు తలుపు గురించి ఆలోచిస్తున్నారు. ఆ పని తను ఆరేళ్ళు చేసింది.

"వెయ్యొద్దమ్మా" అంది. "వాడి పక్కనే గడప మీద కూర్చో. ఏమీ అడక్కు. నేను వస్తున్నా."

సంచీ తీసుకుని లేచింది. ఫోనమ్మ ఏమీ అడగకుండా తనూ చెప్పులేసుకుంది. ఇద్దరూ మెట్లు దిగి ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డారు.